కుండ, ఆవం, ప్రయోగశాల: ప్రాచీన మృణ్మయపాత్రల పరిశోధనాపద్ధతులపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం

ప్రాచీన మృణ్మయపాత్రలను మన పరిశోధన ప్రధానంగా రెండు విధాలుగా చూసింది. సాహిత్యపరిశోధకులకు కుండ ఒక ఉపమానం. పురావస్తుపరిశోధకులకు అది రంగు, ఆకారాలను బట్టి కాలాన్ని సూచించే గుర్తు. రెండు దృష్టులలోనూ కుండ తయారైన తీరు మరుగున పడింది. ఆ తీరును తిరిగి పరిశీలనలోకి తెచ్చినవి ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రం, పదార్థవిజ్ఞానం. తెలుగునేలలో దొరికిన నలుపు-ఎరుపు పాత్రలు, రౌలెటెడ్ పాత్రలు, కోనసీమ డెల్టా మట్టి అనే మూడు సందర్భాల ఆధారంగా ఈ పద్ధతుల బలాన్నీ పరిమితులనూ ఈ వ్యాసం చర్చిస్తుంది. కుమ్మరుల వృత్తిపదజాలం ప్రయోగశాలకు కావలసిన పరికల్పనలను అందించగలదనీ, దానిని అర్థాల జాబితాగా మాత్రమే సేకరించడం చాలదనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మృణ్మయపాత్రలు, ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రం, పదార్థవిజ్ఞానం, ఆవం, పాకజవాదం, వృత్తిపదజాలం, కోనసీమ.

1. ఉపోద్ఘాతం

వృద్ధగౌతమి ఒడ్డున ఉన్న మురమళ్ళ వీరేశ్వరస్వామి నిత్యకల్యాణంతో ప్రసిద్ధమైన ఊరు. పెళ్ళి అనగానే కోనసీమలో పెద్దవాళ్ళకు గుర్తుకువచ్చే వస్తువులలో అరివేణి కుండలు ఒకటి. కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే ఆ కుండలకు సున్నం, జాజు పట్టించి పెళ్ళింట నిలుపుతారు. వాటి ఆచారార్థాన్ని గురించి జానపద విజ్ఞానంలో తగినంత చర్చ ఉంది. అయితే కుండను కొనేటప్పుడు మా ఇళ్ళలో స్త్రీలు చేసే ఒక చిన్న పనిని గురించి ఎవరూ అంతగా రాయలేదు. కుండను ఎడమచేతి మీద నిలిపి, కుడిచేతి వేలిమడతతో తట్టి, చెవి దగ్గర పెట్టుకొని వింటారు. ఖంగున మోగితే తీసుకొంటారు. బొద్దుగా పలికితే పక్కన పెడతారు.

ఇది నిజానికి ఒక పదార్థపరీక్ష. బాగా కాలిన కుండలో మట్టిరేణువులు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కొని ఉంటాయి కాబట్టి తట్టినప్పుడు పుట్టిన కంపనం త్వరగా అణగిపోదు. సరిగా కాలకపోయినా, కంటికి కనిపించని పగులు ఉన్నా ఆ కంపనం మధ్యలోనే చచ్చిపోతుంది. పాత్రను పగలగొట్టకుండా దాని లోపలి స్థితిని తెలుసుకొనే ఈ పద్ధతి సంతలో పుట్టింది, సంతలోనే ఉండిపోయింది. మన పరిశోధనావ్యాసాలలోకి రాలేదు.

ఈ వ్యాసానికి ప్రేరణ ఆ వెలితే. కుండ దేనికి ప్రతీక, ఏ కాలానిది అనే రెండు ప్రశ్నలను మనం చాలాకాలంగా వేస్తున్నాం. ఎలా తయారైంది, ఆ సంగతి మనకు ఎలా తెలుస్తుంది అనే ప్రశ్నలను తగినంతగా వేయలేదు.

2. కుండను చదివిన తీరులు

తెలుగుసాహిత్యంలో కుమ్మరికీ కుండకూ గౌరవప్రదమైన స్థానమే ఉంది. పాల్కురికి సోమనాథుని బసవపురాణంలో కుమ్మర గుండయ్య కథ ఉంది. కుండను వాయిస్తూ శివుణ్ణి ఆడించిన భక్తుడాయన. సంప్రదాయం కుమ్మర మొల్లగా పిలుచుకొన్న కవయిత్రి రామాయణం రాసింది. వేదాంతులకు ఘటం దేహం, ఘటాకాశం జీవుడు. ఈ సందర్భాలపై వచ్చిన విమర్శలో భక్తితత్త్వం, కులచర్చ, స్త్రీదృష్టి అన్నీ ఉన్నాయి. అయితే గుండయ్య కుండ మోగాలంటే అది ఎంత పలచగా, ఎంత సమంగా, ఎంత వేడిలో కాలి ఉండాలి అనే ప్రశ్న విమర్శకు తట్టలేదు. వాయించడానికి పనికివచ్చే ఘటం వేరు, వంటకుండ వేరు అన్న సంగతి వృత్తిలో ఉన్నవారికి తెలుసు. ఆ తేడా తెలిస్తే, చేతిపనీ భక్తీ వేరువేరు కాని ఒక జీవితంగా గుండయ్య కథను చదవవచ్చు.

పురావస్తుశాస్త్రం వైపునుంచి చూస్తే, పెంకు కాలగణనకు ఆధారమైంది. మార్టిమర్ వీలర్ 1945లో అరికమేడులోనూ 1947లో బ్రహ్మగిరిలోనూ జరిపిన తవ్వకాలు దక్షిణభారత పురావస్తుశాస్త్రానికి ఒక కాలక్రమాన్ని ఇచ్చాయి. ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో మహబూబ్‌నగర్ ప్రాంతంలోని ఉట్నూరు బూడిదదిబ్బను తవ్వి, పశుపాలక నవీనశిలాయుగ జీవితాన్ని 1963లో గ్రంథరూపంలో వివరించాడు. ఈ కృషి విలువ ఎనలేనిది. దానివల్ల ఏర్పడిన ఒక అలవాటు మాత్రం చిక్కు తెచ్చింది. బూడిదరంగు పెంకు అంటే ఒక కాలం, నలుపు-ఎరుపు పెంకు అంటే మరొక కాలం అని మొదట గుర్తులు పెట్టుకొన్నాం. కొంతకాలానికి ఆ గుర్తులే ప్రజాసమూహాల పేర్లుగా మారాయి. రంగు ఒక జనానికి చిరునామా అయింది.

3. ఆవంలో ఏం మారుతుంది? - పాకజవాదం

కాలడం వల్ల కుండలో ఏం మారుతుంది అనే ప్రశ్న మన శాస్త్రసంప్రదాయానికి కొత్తది కాదు. తర్కశాస్త్రంలో దీనిని పాకజవాదం అంటారు. పచ్చికుండ నల్లగా ఉంటుంది, కాలిన తరువాత ఎర్రబడుతుంది. ఆ ఎరుపు దేనిలో పుట్టింది? వైశేషికుల పీలుపాకవాదం ప్రకారం అగ్నిసంయోగంతో కుండ పరమాణువుల దాకా విడిపోతుంది. పరమాణువులలో కొత్త రంగు పుట్టి, అవి మళ్ళీ కూడి కుండ అవుతుంది. ఇదంతా అతివేగంగా జరగడం వల్ల మనకు కనిపించదు. నైయాయికుల పిఠరపాకవాదం దీనికి ఒప్పుకోదు. కుండ విడిపోదు, దానిలోని సూక్ష్మరంధ్రాలగుండా తేజస్సు లోపలికి ప్రవేశించి కుండ మొత్తంలో రంగును మారుస్తుంది. 'ఇది ఆ కుండే' అన్న ప్రత్యభిజ్ఞ దానికి సాక్ష్యం. పదిహేడవ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహదీపికలో ఈ రెండు వాదాలనూ క్లుప్తంగా వివరించాడు.

నేటి పదార్థవిజ్ఞానం చెప్పేది ఈ రెండింటిలో దేనికీ అచ్చంగా సరిపోదు. కేయొలినైట్ వంటి బంకమట్టి ఖనిజాన్ని వేడిచేస్తే సుమారు 450 నుంచి 600 డిగ్రీల సెల్సియస్ మధ్య దాని స్ఫటికనిర్మాణంలో బంధమై ఉన్న నీరు బయటికి పోతుంది. ఆ నిర్మాణం చెదిరిపోతుంది. తరువాత ఎన్ని నీళ్ళు పోసినా అది మళ్ళీ మట్టిముద్ద కాదు. వేడి ఇంకా పెరిగితే రేణువుల అంచులు మెత్తబడి ఒకదానితో ఒకటి అతుక్కొంటాయి. అంటే లోపల నిర్మాణం మారుతుంది, బయట ఆకారం నిలుస్తుంది.

ఇక్కడ విమర్శకుడు రెండు తొందరపాట్లకు దూరంగా ఉండాలి. మన పూర్వులకు ఆధునిక రసాయనశాస్త్రం ముందే తెలుసు అనడం ఒకటి. ఇదంతా మాటలగారడీ అని తోసిపుచ్చడం రెండోది. పాకజవాదంలో నిజంగా విలువైనది సమాధానం కాదు, ప్రశ్నను పెట్టిన తీరు. కంటికి కనిపించే రంగుమార్పునుంచి కనిపించని నిర్మాణమార్పును ఊహించవచ్చా, ఊహిస్తే దానికి ప్రమాణం ఏమిటి అని ఆ వాదం అడిగింది. పెంకు రంగును చూసి కాలాన్నీ జనాన్నీ నిర్ణయించిన ఇరవయ్యో శతాబ్దపు పరిశోధన చాలాచోట్ల ఈ ప్రశ్న దగ్గర ఆగలేదు. తార్కికులకు మాత్రం ఆవంలోకి దిగి పరీక్షించే పద్ధతి లేదు. ఆ పద్ధతిని ఇచ్చింది ప్రయోగం.

4. నలుపు-ఎరుపు పాత్రలు: రంగు చిరునామా కాదు

తెలుగునేలమీది బృహత్‌శిలాసమాధులలో విరివిగా దొరికే పాత్రల లోపలిభాగం, అంచు నల్లగా ఉంటాయి. బయట కిందిభాగం ఎర్రగా ఉంటుంది. ఈ రెండు రంగులు ఒకే పాత్రమీద ఎలా వచ్చాయి అన్న దానికి రెండు వివరణలు ఉన్నాయి. పాత్రను బోర్లించి ఊక, గడ్డి వంటివాటిలో అంచు కూరుకొనేట్టు పెట్టి ఒకేసారి కాల్చారన్నది మొదటిది. ముందు ఎర్రగా కాల్చి, తరువాత వేడిమీద ఉండగానే లేదా రెండోసారి కాలుస్తూ మూతివైపు పొగపట్టించారన్నది రెండోది. ఈజిప్టు ప్రాచీనపాత్రలలోనూ నల్లమూతి ఎర్రకుండలు ఉన్నాయి. వాటి రంగు రహస్యాన్ని ఆల్‌ఫ్రెడ్ లూకస్ ఇరవయ్యో శతాబ్ది తొలిభాగంలో స్వయంగా పాత్రలను కాల్చి పరిశీలించాడు. పుస్తకంలో వాదించుకొనే ప్రశ్నను పొయ్యి దగ్గరికి తీసుకువెళ్ళిన తొలి ప్రయత్నాలలో అది ఒకటి.

దీని వెనక ఉన్న రసాయనం సరళమే. మట్టిలో ఇనుము ఉంటుంది. గాలి బాగా ఆడితే అది ఎర్రని హెమటైట్‌గా మారుతుంది. గాలి ఆడక పొగ కమ్ముకొంటే ఆక్సిజన్ తగ్గి నల్లని మాగ్నటైట్ వంటి రూపాలు ఏర్పడతాయి. దానికితోడు కాలీకాలని గడ్డినుంచి వచ్చిన కర్బనం సూక్ష్మరంధ్రాలలో చేరి నలుపును చిక్కన చేస్తుంది. అందుచేత ఒక పెంకులోని నలుపు ఇనుమువల్ల వచ్చిందా, కర్బనంవల్ల వచ్చిందా అనేది మొదటి ప్రశ్న. గాలిలో తిరిగి కాల్చినంత మాత్రాన ఇది తేలదు. ఆ వేడికి కర్బనమూ కాలిపోతుంది, నల్లని ఇనుమూ మళ్ళీ ఎర్రబడుతుంది. ఇనుము ఏ స్థితిలో ఉందో విడిగా చెప్పగల మాస్‌బౌవర్ వర్ణపటపరీక్ష వంటిది అవసరమవుతుంది. పెంకు అడ్డుకోతలో నలుపు ఎంత లోతుకు దిగిందో, నలుపు ఎరుపులు కలిసేచోట గీత పదునుగా ఉందో మసకగా ఉందో చూడడం మరొక ఆధారం. ప్రయోగంగా కాల్చిన పాత్రల కోతలను ప్రాచీనపెంకుల కోతలతో పోల్చినప్పుడే ఈ ఆధారానికి విలువ వస్తుంది.

ఈ చర్చనుంచి తేలే ప్రధానమైన అంశం చరిత్రరచనకు సంబంధించినది. నలుపు-ఎరుపు అనేది ఒక జాతి కాదు, ఆవంలో గాలిని అదుపుచేసే ఒక పద్ధతి. గుజరాత్‌లోని లోథల్, రాజస్థాన్‌లోని అహాడ్, బెంగాల్‌లోని పాండురాజార్ ఢిబి, దక్షిణాదిన బృహత్‌శిలాసమాధులు - ఇంత దూరదూరంగా, వేర్వేరు కాలాలలో ఈ రంగుల జత కనిపిస్తుంది. వీటన్నింటినీ ఒకే జనం వలసదారిగా గీసిన పటాలు, ఆ దారిని ఒక భాషాకుటుంబంతో ముడిపెట్టిన వాదాలు ఈ సంగతి దగ్గర తడబడతాయి. బోర్లించి కాల్చడం ఒకరినుంచి మరొకరు నేర్చుకోగల పని. వేరువేరు చోట్ల విడివిడిగా కనుగొనగల పని కూడా. ద్రావిడభాషల పూర్వచరిత్రను చర్చించే తెలుగు పరిశోధకులు పెంకుల సాక్ష్యాన్ని వాడుకొనేటప్పుడు ఈ జాగ్రత్త తప్పనిసరి.

5. వేడి లెక్క, సారె గీతలు: పదార్థవిజ్ఞానానికీ పరీక్ష

ప్రయోగశాల చెప్పిందల్లా చివరిమాట అనుకోవడం మరో పొరపాటు. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది కాల్చిన ఉష్ణోగ్రత. పెంకులో ఏ ఖనిజం మిగిలింది, ఏది పోయింది అని ఎక్స్‌రే వివర్తనంతో చూసి ఉష్ణోగ్రతను అంచనావేస్తారు. 1970లలో టైట్, మనియాటిస్‌లు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో రేణువులు ఎంతమేరకు గాజులా మారి అతుక్కొన్నాయో చూసి ఉష్ణోగ్రతను అంచనావేసే పద్ధతిని స్థాపించారు. ఇంతవరకు బాగుంది. తరువాత చాలామంది ఒక మెట్టు దూకారు. తక్కువ ఉష్ణోగ్రత అంటే బహిరంగ ఆవం, ఎక్కువ ఉష్ణోగ్రత అంటే గోడలు కట్టిన బట్టీ అని తీర్మానించారు. 1992లో ఒలివియే గోసెలాఁ కామెరూన్‌లోని కుమ్మరుల దగ్గర ఆవం కాలుతుండగా వేడిని కొలిచి, ఈ తీర్మానం నిలవదని చూపాడు. ఒకే ఆవంలో పక్కపక్క పాత్రల మధ్య, ఒకే పాత్ర పైకీ కిందికీ మధ్య ఉష్ణోగ్రతలో పెద్ద తేడాలు ఉన్నాయి. ఎంత వేడికి చేరింది అన్నదొక్కటే చాలదు. ఎంత త్వరగా చేరింది, ఎంతసేపు నిలిచింది అన్నవి కూడా చూడాలి. ఆవానికి గాలివాటు చూసి నిప్పుపెట్టే కుమ్మరికి ఇది కొత్తసంగతి కాదు. ప్రయోగశాల తన పొరపాటును దిద్దుకొన్నది ఆవం దగ్గరే.

రెండోది సారె. పాత్రమీద సమాంతరంగా గీతలు కనిపిస్తే సారెమీద పట్టినదని రాయడం తవ్వకాల నివేదికలలో పరిపాటి. వాలెంటీన్ రూ, మారీ-ఆనియెస్ కూర్తీలు 1998లో ప్రకటించిన పరిశోధన ఈ సులువును ప్రశ్నించింది. మట్టితాళ్ళను ఒకదానిపై ఒకటి చుట్టి, తరువాత తిరిగే సారెమీద నున్నచేసినా అవే గీతలు వస్తాయి. తేడా పెంకులోపల రేణువులూ రంధ్రాలూ ఏ దిశగా సాగాయో చూస్తేనే తెలుస్తుంది. మన కుమ్మరుల పద్ధతి ఇంకొక చిక్కును చేరుస్తుంది. కుండను సారెమీద మందంగా పట్టి, తీసి, ఆరనిచ్చి, లోపల రాయి ఆన్చి బయట చెక్కతో తట్టి అడుగును మూస్తారు, పొట్టను సాగదీస్తారు. ఆ దెబ్బలతో సారె ఆనవాళ్ళు కిందిభాగంలో దాదాపు చెరిగిపోతాయి. అడుగుపెంకు ఒక్కటే దొరికితే 'చేతితో చేసినది' అనీ, మెడపెంకు ఒక్కటే దొరికితే 'సారెమీద చేసినది' అనీ రాస్తాం. రెండూ ఒకే కుండవి కావచ్చు. అప్పుడు ఒక్క కుండ రెండు సంప్రదాయాలుగా, రెండు కాలాలుగా చీలిపోతుంది.

6. ఎక్కడి మట్టి? రౌలెటెడ్ పాత్రలు, గోదావరి మట్టి

తూర్పుతీరపు తొలి చారిత్రకయుగ స్థలాలలో పలచని, నున్నని, లోపలి అడుగున వలయాలుగా చుక్కల నగిషీ ఉన్న పళ్ళేలు దొరుకుతాయి. వీటిని రౌలెటెడ్ పాత్రలంటారు. మన వైపు అమరావతి, ధరణికోట, శాలిహుండంలలో ఇవి లభించాయి. వీలర్ వీటిని మధ్యధరా ప్రాంతపు సంప్రదాయంతో ముడిపెట్టాడు. రోమక వర్తకానికి ఇవి సాక్ష్యమయ్యాయి. విమలా బేగ్లీ 1980లలో అరికమేడు సామగ్రిని తిరిగి పరిశీలించి ఆ కాలనిర్ణయాన్నీ ఆ మూలాన్నీ ప్రశ్నించారు. 1997లో విశ్వాస్ గోగ్టే ఎక్స్‌రే వివర్తన పరీక్షల ఆధారంగా వీటి మట్టి బెంగాల్‌లోని చంద్రకేతుగఢ్-తామ్లుక్ ప్రాంతానిది కావచ్చని ప్రతిపాదించారు. 2005లో ఫోర్డ్, పొలార్డ్, కానింగ్‌హామ్, స్టెర్న్‌లు రసాయనవిశ్లేషణతో వేర్వేరు స్థలాలలో దొరికిన ఈ పాత్రలకు ఒకే భూగర్భమూలం ఉన్నట్టు చూపారు. రోము పళ్ళెం అనుకొన్నది ఉపఖండపు మట్టిగా తేలింది. నగిషీ విషయంలోనూ ప్రయోగానికి చోటుంది. పళ్ళచక్రాన్ని దొర్లించడంవల్లనా, తిరుగుతున్న పాత్రకు తగిలిన సన్నని రేకు అదరడంవల్లనా ఆ చుక్కలు పడ్డాయన్నది సారె దగ్గర తేల్చుకోవలసిన సంగతి.

ఈ విజయాన్ని చూసి ప్రతి పెంకుకూ ఊరు చెప్పగలమని అనుకోరాదు. కోనసీమనే తీసుకొందాం. మామిడికుదురు మండలం ఆదుర్రులోని బౌద్ధస్తూపం ఈ డెల్టాలో ప్రాచీన ఆవాసాలుండేవని చెబుతుంది. ఇక్కడ దొరికే ఏ పెంకునైనా స్థానికమా, పరాయిదా అని అడిగినప్పుడు ముందుగా డెల్టా మట్టి స్వభావాన్ని ఎదుర్కోవాలి. గోదావరి త్ర్యంబకం దగ్గర పుట్టి దక్కను నల్లరాతి భూములను కడుగుతూ వస్తుంది. దారిలో ఇంద్రావతి, శబరి వంటి ఉపనదుల మట్టిని కలుపుకొంటుంది. పాపికొండల దగ్గర తూర్పుకనుమలను చీల్చుకొని దిగుతుంది. సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్ల పరీవాహకప్రాంతపు మట్టి ధవళేశ్వరం దిగువన కలగలిసి పరచుకొంటుంది. కృష్ణానది కూడా ఎగువన అదే దక్కను నల్లరాతి భూములనుంచే వస్తుంది. అందువల్ల ఈ రెండు డెల్టాల మట్టికి రసాయనపరంగా కొంత పోలిక ఉండడం సహజం. మట్టిలోని మూలకాలను లెక్కపెట్టి 'ఇది గోదావరిది, అది కృష్ణది' అనడం బెంగాల్ మట్టిని వేరుచేసినంత తేలిక కాదు. బంకమట్టితోపాటు అందులోని ఇసుకరేణువులను పలచని కోతగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూడాలి. తూర్పుకనుమల ఖోండలైటు రాతిలోని గార్నెట్ వంటి ఖనిజాలు ఇక్కడ తోడు సాక్షులవుతాయి. అన్నిటికంటే ముందు నేటి కుమ్మరులు మట్టి తెచ్చుకొనే చెరువులు, కాలువగట్ల నమూనాలతో ఒక పోలికపట్టిక ఉండాలి. పోల్చడానికి ఇంటిమట్టి లేకుండా పరాయిమట్టిని గుర్తించడం సాధ్యం కాదు.

7. గుల్ల, ఉప్పు: కోనసీమలో పరీక్షించదగిన ఒక పరికల్పన

సముద్రతీరపు మట్టిలో గుల్లముక్కలు ఉంటాయి. గుల్ల అంటే సున్నపుపదార్థం. ఆవంలో సుమారు 650 నుంచి 900 డిగ్రీల మధ్య అది విడిపోయి కాల్చిన సున్నంగా మారుతుంది. ఆవంనుంచి తీసిన కుండ చక్కగానే కనిపిస్తుంది. కొన్నిరోజులకు గాలిలోని తేమను పీల్చుకొని ఆ సున్నం ఉబ్బుతుంది, కుండ పైపొర పెచ్చులుగా లేచిపోతుంది. దీనికి కుమ్మరి ముందున్న దారులు నాలుగు: గుల్ల లేని మట్టిని ఎంచుకోవడం, గుల్లను ఏరివేయడం, సున్నం విడిపోని తక్కువ వేడిలో కాల్చడం, ఉప్పునీటితో మట్టిని కలపడం. పపువా తీరంలోని కుమ్మరులు సున్నపు ఇసుక కలిసిన మట్టిని సముద్రపునీటితో తడపడంవల్ల ఈ ఉబ్బు తగ్గుతున్నదని ఓవెన్ రై 1976లో వివరించాడు.

మురమళ్ళకు దిగువన గౌతమి సముద్రంతో కలిసేదాకా నీరు ఉప్పదనం పట్టి ఉంటుంది. ఇటువంటిచోట కుమ్మరులు మంచినీటినే వాడారా, ఉప్పుకయ్యల నీటి గుణాన్ని తెలిసి వాడారా అన్నది పరీక్షించదగిన ప్రశ్న. పరీక్ష కూడా ఖరీదైనది కాదు. ఒకే మట్టిని రెండు భాగాలుచేసి, ఒకదానిని మంచినీటితోనూ మరొకదానిని పాయనీటితోనూ కలిపి, ఒకే కొలతలో బిళ్ళలు చేయాలి. వాటిని ఒకే ఆవంలో పెట్టి కాల్చి, నెలరోజులు తేమలో ఉంచి చూడాలి. ఉప్పు కలిసిన మట్టి కాలినప్పుడు పైన తెల్లని పొర ఏర్పడుతుంది. పురాతనపెంకులమీద అటువంటి పొర కనిపిస్తే దానిని పైపూతగా రాసే ముందు ఒకసారి ఆలోచించాలి.

8. పదం ఒక పరికల్పన

ఈ పరిశోధనలో తెలుగు అధ్యాపకునికి పని ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం వృత్తిపదజాలంలో ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ పదకోశం, 1971లో వచ్చిన చేనేత పదకోశం వృత్తిపదాల సేకరణకు శాస్త్రీయమైన బాట వేశాయి. ఆ బాటలో నడిచినవారు చాలామందే ఉన్నారు. అయినా మట్టిపాత్రల పేర్లకు వచ్చేసరికి మన పట్టికలలో 'ఒకరకమైన కుండ', 'చిన్న మట్టిపాత్ర' వంటి అర్థాలే ఎక్కువ. కడవ, బాన, కాగు, దుత్త, అటిక, దాక, చట్టి, మూకుడు, ముంత, పిడత - ఇవి పరిమాణభేదాలు మాత్రమే కావు. ప్రతి పేరూ పాత్ర చేయవలసిన పనికి సంబంధించిన ఒక నిర్దేశం.

నీళ్ళకడవ గోడలోని సన్నని రంధ్రాలగుండా నీరు చెమర్చి ఆవిరైతేనే లోపలి నీరు చల్లబడుతుంది. అదే గుణం కూరదాకకు లోపం. దాక పదేపదే మంటకూ చన్నీటికీ తట్టుకోవాలి. అందుకు మట్టిలో ఇసుక ఎక్కువ కావాలి, అడుగు గుండ్రంగా, గోడ సమంగా ఉండాలి. మూలలున్న అడుగు వేడికి పగులుతుంది. 1980ల చివరినుంచి షిఫర్, స్కిబోలు తమ సహచరులతో కలిసి పాత్ర ఉపరితలాన్ని గరుకుగా ఉంచడం, లోపల జిగురుపూత పూయడం వంటివి వేడిని అందుకొనే తీరునూ ఉష్ణాఘాతాన్ని తట్టుకొనే శక్తినీ ఎలా మారుస్తాయో ప్రయోగాలతో చూపారు. మన ఇళ్ళలో కొత్తకుండను నీళ్ళలో నానబెట్టి, గంజి కాచి, ఆ తరువాతే వంటకు వాడేవారు. గంజిలోని పిండిపదార్థం రంధ్రాలను పూడుస్తుంది. దీనిని ఆచారంగా నమోదుచేసినంత శ్రద్ధతో పదార్థసంస్కారంగా కూడా నమోదుచేయాలి.

ఇందులో మరొక విశేషం ఉంది. పెంకు రంధ్రాలలో చిక్కుకొన్న కొవ్వుల అవశేషాలనుబట్టి ప్రాచీనుల ఆహారాన్ని గుర్తించే పద్ధతి రిచర్డ్ ఎవర్‌షెడ్ వంటి శాస్త్రవేత్తల కృషితో స్థిరపడింది. సింధునాగరికత పాత్రలపై అక్షయిత సూర్యనారాయణ్ బృందం చేసిన పరిశీలన ఈ దిశలో మన ఉపఖండానికి ముఖ్యమైనది. అయితే దాలిలో పిడకల సెగమీద గంటలతరబడి పాలు కాగిన కుండలో చిక్కిన కొవ్వు వేరు, ఒకసారి వండి పారేసిన పాత్రలో చిక్కినది వేరు. పాత్ర పగిలేలోపు ఒకే పనికి వాడారా, పాలకుండ పాతబడి ధాన్యపుకుండ అయిందా అన్నది అవశేషం ఒక్కటే చెప్పలేదు. వాడుకను గురించి ఇల్లాలు చెప్పే మాట ఇక్కడ ప్రయోగశాలకు హెచ్చరిక అవుతుంది.

కాబట్టి కుమ్మరంలోని ప్రతి పదాన్నీ ఐదు వివరాలతో నమోదుచేయడం అవసరం: ఏ మట్టి, అందులో ఏం కలిపారు, ఎలా మలిచారు, ఎలా కాల్చారు, దేనికి వాడారు. వీటితోపాటు ఆ మట్టితో చేసిన ఒక నమూనాబిళ్ళ ఉండాలి. తడిబిళ్ళమీద పది సెంటీమీటర్ల గీత గీసి, ఆరాకా కాలాకా ఆ గీతను కొలిస్తే మట్టి ఎంత కుంచించుకొందో తెలుస్తుంది. కాలిన బిళ్ళను పొడిగా తూచి, ఇరవైనాలుగు గంటలు నీళ్ళలో ఉంచి మళ్ళీ తూస్తే ఎంత నీరు పీల్చిందో తెలుస్తుంది. ఒక కొలబద్ద, ఒక త్రాసు ఉన్న ఏ డిగ్రీ కళాశాలలోనైనా ఈ పని చేయవచ్చు.

9. ప్రయోగం పరిమితి, కుమ్మరి స్థానం

రాబర్ట్ యాషర్ 1961లో, జాన్ కోల్స్ 1973లో ప్రయోగాత్మక పురావస్తుశాస్త్రానికి పద్ధతినీ పరిధినీ నిర్దేశించే ప్రయత్నం చేశారు. నేడు మనం ఒక పాత్రను ఒక పద్ధతిలో చేయగలిగితే, అలా చేయడం సాధ్యమని మాత్రమే రుజువవుతుంది. వాళ్ళూ అలాగే చేశారని రుజువు కాదు. వేర్వేరు దారులు ఒకే ఫలితానికి చేరవచ్చు. ప్రయోగం బలం నిర్ధారించడంలో కంటే తోసిపుచ్చడంలో ఎక్కువగా ఉంది. ఒక ఊహ ప్రకారం కాల్చిన పాత్ర ప్రాచీనపెంకును ఏమాత్రం పోలకపోతే ఆ ఊహను విడిచిపెట్టవచ్చు.

ఇంకొక విషయం మర్యాదకూ న్యాయానికీ సంబంధించినది. ఈ పరిశోధనలలో కుమ్మరి తరచుగా 'సమాచారదాత'గా మిగిలిపోతాడు. ఆయన చేతులు ప్రయోగంలో ఉంటాయి, ఆయన మాట వ్యాసంలో ఉండదు. నేటి కుమ్మరిని రెండువేల ఏళ్ళనాటి కుమ్మరికి నకలుగా చూడడం అంతకంటే పెద్ద అన్యాయం. ఆయన మట్టి మారింది, వంటచెరకు మారింది, కొనేవాళ్ళు మారారు. కొబ్బరిమట్టలు దొరికేచోట ఒకలా, సరుగుడు దొరికేచోట మరొకలా ఆవాన్ని పేర్చుకొంటాడు. ఆయన జ్ఞానం గతం మిగిల్చిన శిథిలం కాదు, మారుతున్న పరిస్థితులలో నిర్ణయాలు తీసుకొనే బుద్ధి. ప్రాచీనకుమ్మరిలోనూ మనం వెతకవలసింది ఆ బుద్ధినే. అందుచేత ప్రయోగంలో పాల్గొన్న కుమ్మరికి తగిన వేతనం ఇవ్వడం, ఆయన ఇష్టపడితే సహరచయితగా పేరు చేర్చడం పరిశోధననీతిలో భాగం కావాలి.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

1. పెంకు రంగు ప్రధానంగా ఆవంలోని గాలినీ వేడినీ తెలుపుతుంది. నలుపు-ఎరుపు పాత్రలను ఒక జాతికో భాషకో నేరుగా అన్వయించడం శాస్త్రీయం కాదు.

2. ఉష్ణోగ్రత అంచనా, సారె గీతల గుర్తింపు వంటి ప్రయోగశాల ఫలితాలను కూడా ఆవం దగ్గరి, సారె దగ్గరి పరిశీలనతో సరిచూసుకోవాలి.

3. గోదావరి, కృష్ణా డెల్టాల మట్టికి పోలికలు ఉండే అవకాశం ఉన్నందున పాత్రల మూలాన్ని నిర్ణయించడానికి ముందు స్థానిక మట్టినమూనాల పట్టిక సిద్ధం కావాలి.

4. పాకజవాదం వంటి శాస్త్రచర్చలను ఆధునికవిజ్ఞానానికి ముందుమాటగా కాక, ప్రశ్నించే పద్ధతికి ఉదాహరణగా అధ్యయనం చేయాలి.

5. కుమ్మరుల పదజాలాన్ని మట్టి, మిశ్రమం, మలచడం, కాల్చడం, వాడుక అనే ఐదు వివరాలతో, నమూనాలతో సేకరించాలి.

ఆవాలు ఒక్కొక్కటిగా చల్లారుతున్న కాలమిది. పెంకు భూమిలో మరో వెయ్యేళ్ళు నిలుస్తుంది, దానికి తొందరలేదు. ఆ పెంకును చదవడానికి తోడ్పడే మాట మాత్రం ఒక తరంతో పోతుంది. ఖంగున మోగే కుండకూ బొద్దుగా పలికే కుండకూ తేడా చెప్పగల చెవి మన ఇళ్ళలో ఇంకా మిగిలి ఉంది. అది ఉండగానే తెలుగుశాఖలు, పురావస్తుశాఖలు, ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలు కలిసి ఈ పనికి పూనుకోవాలి.